పాత ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌కి అసలు ధర కట్టడం ఎలా?

గిటార్ తీగల కింద అగ్గిపెట్టెకంటే కాస్త పొడుగ్గా ఉండే ముక్కే పికప్. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. ఎలక్ట్రిక్ గిటార్‌కి గొంతు అదే. 1950ల చివర్లో అమెరికాలో గిబ్సన్ కంపెనీ చేసిన కొన్ని పికప్‌లు ఇవాళ ఒక్కోటి వేల డాలర్లు పలుకుతున్నాయి. అదే వయసున్న వేరే పికప్‌లు యాభై డాలర్లకు కూడా కదలవు. పాతది కదా అని ధర రాదు. ఇది ఫలానాదే, ఫ్యాక్టరీ నుంచి వచ్చాక దీన్ని ఎవరూ విప్పలేదు అని చూపించగలిగితేనే ధర వస్తుంది. కింద చెప్పే ప్రతి మెట్టూ ఆ రుజువు పోగుచేయడానికే.

ఇల్లు సర్దుతుంటే అటక మీద పాత గిటార్ దొరికినవాళ్లకీ, అమెరికాలో గరాజ్ సేల్‌లో పెట్టెడు విడిభాగాలు కొన్నవాళ్లకీ, ఒకప్పుడు మద్రాసు స్టూడియోల్లో వాయించిన తాతగారి సామాను చేతికొచ్చినవాళ్లకీ ఇది పనికొస్తుంది.

మొదటి మెట్టు: ఏదీ విప్పకండి

మా బావగారు డల్లాస్ నుంచి వస్తూ పాత గిబ్సన్ ఎస్‌జీ గిటార్ ఒకటి తెచ్చారు. "దీని పికప్‌లకు మంచి రేటు ఉందంటున్నారు, కాస్త చూసి చెప్పవయ్యా" అన్నారు. అప్పటికి నేను చదివిందేమిటంటే, ఆ కాలపు పికప్ లోపల బాబిన్ (తీగ చుట్టే ప్లాస్టిక్ చట్రం) మీద ఇంగ్లిష్ 'టీ' అక్షరం ఆకారంలో అచ్చు గుర్తు ఉంటుందని. ఆ గుర్తు చూడాలన్న ఆత్రంలో ఒక పికప్ లోహపు కవర్‌కి ఉన్న రెండు సోల్డర్ చుక్కలూ కరిగించి కవర్ తీశాను. గుర్తు ఉంది. తిరిగి కవర్ పెట్టి సోల్డర్ చేశాను కూడా. కానీ కొత్త సోల్డర్ తళతళా మెరుస్తుంది, పాతది బూడిదరంగులో మసకబారి ఉంటుంది. చూసే కన్నున్నవాడికి క్షణంలో తెలిసిపోతుంది. ముట్టని పికప్‌కీ దానికీ ధరలో దాదాపు పావు వంతు తేడా వచ్చింది. నిజానికి ఆ గిటార్ లోపలున్న వాల్యూమ్ పాట్ (శబ్దం పెంచి తగ్గించే గుండీ కింది భాగం) మీద అంకెలు చదివి ఉంటే కవర్ తీయాల్సిన పనే ఉండేది కాదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి ఫోన్ తీసుకోండి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన ఫొటోలు తీయండి. పికప్ పైన, కింద, నాలుగు పక్కలా. కవర్ సోల్డర్ దగ్గరగా. బయటికొచ్చే వైరు, దాని చివర. స్టిక్కర్ ఉంటే స్టిక్కర్. గిటార్‌లోనే ఉంటే, కంట్రోళ్ల గది మూత తీసి సోల్డర్ అతుకులన్నీ కనబడేలా. తుడవకండి, పాలిష్ పెట్టకండి, తుప్పు గీకకండి. అరవై ఏళ్ల మురికి కూడా ఇక్కడ సాక్ష్యమే.

రెండో మెట్టు: గిటార్ వయసు చదవడం

పికప్ ఇంకా గిటార్‌లోనే ఉంటే సగం పని తేలిక. వాల్యూమ్, టోన్ పాట్‌ల వెనకో పక్కనో ఆరేడు అంకెల కోడ్ అచ్చయి ఉంటుంది. మొదటి మూడంకెలు తయారీదారువి: 137 ఉంటే సీటీఎస్, 304 అయితే స్టాక్‌పోల్, 134 అయితే సెంట్రలాబ్. తర్వాతివి సంవత్సరం, చివరి రెండూ వారం. బావగారి గిటార్ పాట్ మీద 1377633 అని ఉంది. అంటే సీటీఎస్, 1976, 33వ వారం. ఆరంకెల కోడ్ అయితే సంవత్సరానికి ఒక్క అంకే ఉంటుంది, 1950లదా 60లదా అనేది మిగతా గుర్తుల్ని బట్టి మీరే తేల్చుకోవాలి.

ఈ తేదీ పాట్ తయారైనది. గిటార్ అంతకన్నా ముందు తయారై ఉండదని మాత్రమే ఇది చెబుతుంది. కంపెనీలు పాట్‌లు పెట్టెల కొద్దీ కొని నెలలూ ఏళ్లూ వాడేవి.

మూడో మెట్టు: ఏ పికప్, ఏ కాలంది

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ముందు గిబ్సన్ హంబకర్ సంగతి చూద్దాం, పెద్ద డబ్బూ పెద్ద మోసాలూ రెండూ అక్కడే ఉన్నాయి.

అంతకుముందున్న ఒకే కాయిల్ (తీగ చుట్ట) పికప్‌లు కరెంటు తీగల 'హమ్' శబ్దాన్ని కూడా లాక్కునేవి. గిబ్సన్ ఇంజనీర్ సెత్ లవర్ రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా కలిపి ఆ హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా చేశాడు, అదే హంబకర్. 1955 జూన్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1959 జులైలో వచ్చింది. 1957 నుంచి లెస్ పాల్ గిటార్లలో ఈ పికప్ కనబడుతుంది. అడుగున నల్లటి చిన్న స్టిక్కర్ మీద బంగారు అక్షరాల్లో 'పేటెంట్ అప్లైడ్ ఫర్' (పేటెంట్ కోసం దరఖాస్తు చేశాం) అని ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆ మూడు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపి అందరూ 'పీఏఎఫ్' అంటారు. పేటెంట్ వచ్చాక కూడా 1962 దాకా అదే స్టిక్కర్ వాడారు. బంగారు పూత పికప్ కవర్లున్న గిటార్లు నెమ్మదిగా అమ్ముడయ్యేవి కాబట్టి, వాటిలో ఇంకో రెండేళ్ల దాకా కూడా ఇవి దొరుకుతాయి.

ఆ తర్వాతి స్టిక్కర్ మీద పేటెంట్ నంబర్ వేశారు: 2,737,842. ఇది ఈ పికప్ పేటెంట్ కాదు, గిటారిస్ట్ లెస్ పాల్ పేరు మీదున్న టెయిల్‌పీస్ (తీగల కొసలు పట్టి ఉంచే భాగం) పేటెంట్. పికప్ అసలు నంబర్ 2,896,491. కాబట్టి స్టిక్కర్ మీద నంబర్ 'తప్పు'గా ఉందని కంగారుపడకండి, అలా ఉండటమే సరైనది. 1965 ప్రాంతంలో నికెల్ కవర్లు పోయి క్రోమ్ కవర్లు వచ్చాయి. 1960ల రెండో సగం నుంచి 1980 ప్రాంతం దాకా వచ్చినవి 'టీ' గుర్తున్న బాబిన్లు, వాటిని టీ-టాప్ అంటారు. 1970ల మధ్య నుంచి స్టిక్కర్ బదులు పేటెంట్ నంబర్‌ని అడుగు ప్లేటు మీదే అచ్చుకొట్టారు. బావగారి పికప్ అడుగున అలాగే ఉంది. పాట్ మీద 1976, ప్లేటు మీద అచ్చు, కదలని పాత సోల్డర్. ఈ మూడూ కలిస్తే అది టీ-టాప్ అని కవర్ తీయకుండానే చెప్పొచ్చు. 1980ల మొదట్లో టిమ్ షా రూపొందించినవి ఇంకో మెట్టు. అడుగున సిరా ముద్రతో అంకెలు ఉంటాయి.

ధరల స్థాయి కూడా ఈ వరసలోనే దిగుతుంది. ముట్టని పీఏఎఫ్ ఒక్కోటి వేల డాలర్లలో ఉంటుంది. తొలి పేటెంట్ స్టిక్కర్ పికప్‌లు వందల డాలర్లలో పైమెట్టు మీద ఉంటాయి, బాగున్నవి వెయ్యి దాటొచ్చు. టీ-టాప్‌లు, షాలు రెండుమూడు వందల చుట్టూ తిరుగుతాయి. ఇవి ఒక అంచనా కోసం చెప్పిన అంకెలు మాత్రమే, మీ పికప్ ధర ఆరో మెట్టులో తేలుతుంది.

పీఏఎఫ్‌లో మళ్లీ రంగు గొడవ ఉంది. 1959, 60 ప్రాంతంలో నల్ల ప్లాస్టిక్‌తో పాటు మీగడ తెలుపు బాబిన్లు కూడా వాడారు. కవర్ కింద ఎలాగూ కనబడదు కాబట్టి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు రెండు కాయిల్స్ తెల్లగా ఉన్న పీఏఎఫ్‌కి అన్నిటికన్నా ఎక్కువ ధర, ఒకటి తెలుపు ఒకటి నలుపు ఉన్న 'జీబ్రా'కి తర్వాతి స్థానం. రంగు తెలుసుకోవాలని కవర్ తీయక్కర్లేదు. అడుగు ప్లేటుకి బాబిన్‌ను పట్టి ఉంచే నాలుగు ఇత్తడి స్క్రూలు ఉంటాయి. వాటిలో ఒకదాన్ని జాగ్రత్తగా తీసి రంధ్రంలోకి టార్చ్ కొడితే ప్లాస్టిక్ రంగు కనబడుతుంది. తడబడే చేయి అయితే ఇది కూడా అనుభవమున్న గిటార్ మెకానిక్ చేతే చేయించండి.

ఇంకో అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్‌కి వద్దాం. దాని స్ట్రాటోకాస్టర్ గిటార్ పికప్ తిరగేస్తే అడుగున అట్టలాంటి ఫైబర్ ముక్క ఉంటుంది. 1954 నుంచి 1964 మొదటి నెలల దాకా అది నలుపు, ఆ తర్వాత బూడిదరంగు. వ్యాపారులు 'బ్లాక్ బాటమ్', 'గ్రే బాటమ్' అనేది దీన్నే. 1965 జనవరిలో ఫెండర్‌ని సీబీఎస్ అనే ప్రసార సంస్థ కొనేసింది. కొనేవాళ్ల మనసులో ఆ ఏడాది ఒక గీత, దానికి ముందుదంటే ధర పెరుగుతుంది. అట్ట రంగుతో పాటే తీగ పూత కూడా మారింది. ముందువాటిలో ఫార్మ్‌వార్ పూత, మెరిసే బంగారు రాగి రంగు. తర్వాతివాటిలో ప్లెయిన్ ఎనామెల్, వంకాయ రంగు కలిసిన ముదురు గోధుమ. ఫెండర్ కాయిల్‌కి కవర్ ప్లాస్టిక్‌ది, పైకి లాగితే వచ్చేస్తుంది కాబట్టి తీగ రంగు చూడటం సులువు. పక్కన తీగ బయటికే ఉంటుంది, గోరు తగలనివ్వకండి.

గ్రే బాటమ్‌లకి అడుగున తేదీ చేతిరాతో, ముద్రో కనబడుతుంది. కొన్నిటి మీద చుట్టినవారి పొడి అక్షరాలు కూడా ఉంటాయి. 1956లో ఫెండర్‌లో చేరి 2013లో రిటైరైన అబిగైల్ ఇబారా చేతిరాత ఉన్న పికప్ కోసం ఇప్పటికీ వెతుకుతారు. ఒక కార్మికురాలి సంతకం ధర పెంచడం నాకు చాలా ఇష్టమైన విషయం. అయస్కాంతాల ఎత్తు కూడా చూడండి. పాతవాటిలో ఆరు కడ్డీలు ఎత్తుపల్లాలుగా ఉంటాయి, 1974 ప్రాంతం నుంచి అన్నీ ఒకే మట్టంలోకి వచ్చాయి.

సెత్ లవర్ 1967లో ఫెండర్‌కి మారాడు. అక్కడ ఆయన రూపొందించిన వైడ్ రేంజ్ హంబకర్ 1972 నుంచి టెలికాస్టర్ థిన్‌లైన్, కస్టమ్ గిటార్లలో వచ్చింది. దానిలో స్క్రూలే అయస్కాంతాలు, రాగి, నికెల్, ఇనుము కలిసిన క్యూనిఫే లోహంతో చేసినవి. తర్వాతి దశాబ్దాల్లో అదే రూపంతో వచ్చిన నకళ్లలో మామూలు స్క్రూలు, అడుగున ఒక పట్టీ అయస్కాంతం ఉంటాయి. పేరు ఒకటే, ధర వేరు.

మిగతావి క్లుప్తంగా. గిబ్సన్ పీ-90 1946 నుంచి ఉంది, దానికి ఎప్పుడూ కొనేవాళ్లున్నారు. గ్రెచ్ గిటార్ల కోసం రే బట్స్ చేసిన ఫిల్టర్‌ట్రాన్, దానికి ముందున్న డిఆర్మండ్ డైనాసోనిక్ రెండూ మంచి ధర తెస్తాయి. డాన్‌ఎలెక్ట్రో లిప్‌స్టిక్ పికప్ నిజంగానే లిప్‌స్టిక్ గొట్టంలో పెట్టినది. ఒకప్పుడు చవక గిటార్లలో వచ్చిన జపాన్ టైస్కో గోల్డ్ ఫాయిల్ పికప్‌ని గిటారిస్ట్ రై కూడర్ తన స్ట్రాటోకాస్టర్‌లో పెట్టుకున్నాక దాని దశ తిరిగింది. 1972లో వచ్చిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్ తొలి రోజులవి కూడా ఇప్పుడు పాతసరుకు కిందే లెక్క. మన దేశంలో తయారైన పాత గిటార్ల పికప్‌లకు మాత్రం సేకరించేవాళ్ల మార్కెట్ లేదు. వాటిని వాయించుకోవడానికే ఉంచుకోండి.

నాలుగో మెట్టు: మీటర్ పెట్టి చూడటం

వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. 20 కిలో ఓమ్స్ దగ్గర పెట్టండి. విడి పికప్ అయితే వైరు రెండు చివర్లకీ మీటర్ ముళ్లు ఆనించండి. గిటార్‌లో ఉంటే ఏదీ విప్పకుండా, జాక్‌లో కేబుల్ పెట్టి, దాని రెండో కొసన ఉన్న ప్లగ్ కొనకీ ఒంటికీ ముళ్లు ఆనించండి. వాల్యూమ్ పూర్తిగా పెంచి, స్విచ్‌తో ఒక పికప్‌నే ఎంచుకోండి.

పాత స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) పికప్ దాదాపు 5.5 నుంచి 6.5 కిలో ఓమ్స్, పీఏఎఫ్ 7 నుంచి 9 మధ్య. అప్పటి యంత్రాలకు చుట్లు కచ్చితంగా లెక్కపెట్టే ఏర్పాటు లేదు కాబట్టి ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. మీటర్ ఏ అంకె చూపకుండా 'ఓఎల్' అనో 1 అనో ఒంటరిగా చూపిస్తే కాయిల్ ఎక్కడో తెగింది.

ఇక్కడ మనవాళ్లు తప్పక చూసుకోవాల్సింది ఎండ. రాగి వేడెక్కే కొద్దీ దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో 7.5 చూపించే పికప్, మే నెల విజయవాడలో 40 డిగ్రీల గదిలో 8.1 చూపిస్తుంది. అమెరికాలో కొనేవాడు తన ఏసీ గదిలో కొలిచి "మీరు 8.1 అన్నారు, ఇది 7.5 ఉంది, వేరే పికప్ పంపారు" అంటే గొడవే. కొలిచిన గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాయండి. గిటార్‌లోనే ఉంచి కొలిస్తే ఇంకో చిన్న తేడా వస్తుంది. 500 కిలో ఓమ్స్ వాల్యూమ్ పాట్ పక్కన ఉండటంతో 7.5 కాస్తా 7.4గా కనబడుతుంది.

మీటర్ అంకె పెద్దదైతే ధర పెద్దదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఈ అంకె రెండు పనులకే: కాయిల్ బతికుందా, ఆ కాలానికి తగ్గట్టుందా. 1963 స్ట్రాట్ పికప్ అని చెబుతున్నది 8.5 చూపిస్తే సంబరపడకూడదు, అనుమానపడాలి.

ఒక దిక్సూచి కూడా తెచ్చుకోండి. స్ట్రాట్‌లోని మూడు పికప్‌ల పైన పెట్టి ముల్లు ఏ వైపు తిరుగుతుందో చూడండి. 1960ల సెట్‌లో మూడూ ఒకే దిశ చూపాలి. మధ్యది తిరగబడి ఉంటే దాన్ని తర్వాత మార్చి ఉంటారు, లేదా అది ఆ కాలం సెట్ కాదు.

ఐదో మెట్టు: తిరిగి చుట్టారా, ముట్టారా

తెగిన కాయిల్‌ని బాగుచేసి మళ్లీ చుట్టడం మంచి పనే, పాట పలుకుతుంది. కానీ ధర దాదాపు సగానికి పడిపోతుంది, ఎందుకంటే ఆ పికప్‌లో ఇక మిగిలింది అప్పటి అయస్కాంతం, బాబిన్, ప్లేటు మాత్రమే. కాబట్టి కాయిల్ తెగితే అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్లు ముందే చుట్టించకండి. అలాగే, ఉన్నదున్నట్టు చెప్పి అమ్మండి. మంచి పనివాడు కొన్నిసార్లు పైపొరలో తెగిన కొసను వెతికి అతికించగలడు, అప్పుడు పాత చుట్టు పోదు.

42 గేజ్ తీగ మందం 0.06 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. కాకినాడ, విశాఖ లాంటి సముద్రం ఊళ్లలో ఏళ్ల తరబడి ఉన్న పికప్‌ల తీగ ఉప్పు గాలికి పచ్చగా పూసి తెగడం మామూలే. భూతద్దంతో చూస్తే ఆ పచ్చదనం తెలుస్తుంది.

తిరిగి చుట్టినదాన్ని పట్టుకునే గుర్తులు ఇవి. తీగ రంగు ఆ ఏడాదికి సరిపోదు. కాయిల్ మీది టేపు కొత్తగా, జిగటగా ఉంటుంది. సోల్డర్ మెరుస్తుంది. పీఏఎఫ్‌లో మైనం కనబడుతుంది. గిబ్సన్ అప్పట్లో వాటిని మైనంలో ముంచేది కాదు, కాబట్టి మైనం ఉందంటే ఎవరో విప్పారు. బయటికొచ్చే జడ అల్లిన వైరు పొడవు కూడా చూడండి. ఫ్యాక్టరీ పొడవు ఉన్నదానికీ, మొదటికంటా కత్తిరించి వేరే వైరు అతికినదానికీ ధరలో తేడా ఉంటుంది.

నకిలీల సంగతి ఒక్క మాటలో: స్టిక్కర్‌ని నమ్మి ఎప్పుడూ డబ్బు పెట్టకండి. పాతవిలా కనబడే స్టిక్కర్లు, మురికి పట్టించిన కవర్లు, కాళ్ల మీద ఇంగ్లిష్ 'ఎల్' ఆకారపు గీతలున్న ప్లేట్లు అన్నీ ఇప్పుడు విడిగా కొనుక్కోవచ్చు. ఒక్క గుర్తు కాదు, అన్ని గుర్తులూ ఒకే కాలం వైపు చూపాలి. వేల డాలర్ల మాట అయితే పాత గిటార్ల మీద పేరున్న దుకాణంలో చూపించి, రాతపూర్వకంగా తీసుకోండి. ఆ రుసుము దండగ కాదు.

ఆరో మెట్టు: అమ్ముడైన ధరలు వెతకడం

ఆన్‌లైన్‌లో కనబడే ధరల్లో ఎక్కువభాగం అమ్మేవాళ్ల ఆశలు. నాలుగేళ్లుగా అమ్ముడవ్వని పికప్ కూడా ఆ జాబితాలోనే ఉంటుంది. ఈబేలో వెతికి, అమ్ముడైనవి మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి. వాద్యాలు అమ్మే సైట్ రివర్బ్‌లో కూడా అమ్ముడైన సరుకు ధరల చరిత్ర చూడొచ్చు. ఇంగ్లిష్‌లో ఏటా వచ్చే వింటేజ్ గిటార్ ధరల పుస్తకం గిటార్లకు ఎక్కువ పనికొస్తుంది, విడి పికప్‌లకు మాత్రం ఈ రెండు చోట్లే నమ్మకం.

వెతికేటప్పుడు కంపెనీ, మోడల్, ఏడాదితో పాటు మీ పికప్ స్థితికి సరిపోయే మాటలు కూడా పెట్టండి. గత ఆరు నెలల నుంచి ఏడాది లోపు అమ్మకాలు కనీసం ఐదారు పోగుచేయండి. ప్రతిదాని ఫొటోలు తెరిచి చూడండి. ఒకటా, జతా? కవర్ తీశారా? చుట్టు పాతదేనా? పక్కన రింగ్, స్క్రూలు కలిపి అమ్మారా? షిప్పింగ్ కలిపిన ధరా?

లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ అనుకుందాం. 1976 టీ-టాప్ కోసం ఐదు అమ్మకాలు దొరికాయి: 190, 210, 225, 240, 420 డాలర్లు. 420ది తెరిచి చూస్తే రింగులతో సహా జత. దాన్ని తీసేయండి. మిగిలిన నాలుగింటి మధ్య ధర 217. ఇది ముట్టని పికప్ రేటు. మీ దాని కవర్ ఎవరో తీసి పెట్టారు, కాబట్టి పావు వంతు తగ్గించండి, 163. అలా తీసినవి కూడా జాబితాలో రెండు కనబడితే వాటి ధరే నేరుగా వాడండి, శాతాల లెక్కకంటే అది ఎప్పుడూ మేలు.

ఏడో మెట్టు: చేతికొచ్చేది ఎంత

163 డాలర్లకు అమ్ముడైనా 163 చేతికి రాదు. వేదిక అమ్మకపు రుసుము, చెల్లింపు రుసుము, విదేశానికైతే కరెన్సీ మార్పిడి, ట్రాకింగ్, ఇన్సూరెన్స్‌తో పార్సిల్ ఖర్చు అన్నీ పోతాయి. రుసుములకు పది శాతం పక్కన పెడితే 147, పార్సిల్‌కి 35 అనుకుంటే 112. రుసుములు మారుతుంటాయి, అమ్మే రోజున వేదిక పేజీలో చూసి లెక్కవేయండి. ఇండియా నుంచి బయటికి పంపడం, బయటినుంచి తెచ్చుకోవడం రెండిటికీ కస్టమ్స్ కాగితాలు ఉంటాయి. చిన్న ధర పికప్‌కి ఆ తలనొప్పి గిట్టుబాటు కాదు. అమెరికాలో ఉన్న చుట్టం దగ్గరే ఉంచి అక్కడే అమ్మడం చాలామంది చేసే పని.

దుకాణదారుకి ఇస్తే రోజులో డబ్బు వస్తుంది, కానీ అతను తిరిగి అమ్మే ధరలో సాధారణంగా సగం నుంచి అరవై శాతం దాకానే ఇస్తాడు. అది మోసం కాదు, అతని అద్దె, వారంటీ, ఎదురుచూపు అందులోనే ఉన్నాయి. ఇన్సూరెన్స్ కోసం రాసే విలువ మాత్రం దుకాణంలో తిరిగి కొనాలంటే అయ్యే ధర. అమ్మే ధరనీ దాన్నీ కలపకండి.

ఇంకో ప్రశ్న ఈ లెక్కంతటికన్నా ముందు వేసుకోవాల్సింది. గిటార్ మొత్తం పాతదే అయి, అన్ని భాగాలూ అసలువే ఉంటే, పికప్‌లు పీకి అమ్మకండి. అసలు పికప్‌లు పోయిన 1960ల గిటార్ కోల్పోయే విలువ, ఆ పికప్‌లు తెచ్చే డబ్బు కంటే ఎక్కువ ఉంటుంది. మెడ విరిగినదో, రంగు మార్చినదో, భాగాలు ఇప్పటికే పోయినదో అయితే విడిగా అమ్మడంలో అర్థముంది. అప్పుడు కూడా జతని విడదీయకండి, ఒకే గిటార్ నుంచి వచ్చాయనే ఫొటోలతో కలిపి అమ్మండి. స్క్రూలు, స్ప్రింగులు, ప్లాస్టిక్ రింగులు కవర్లో వేసి ఉంచండి, వాటికి కూడా కొనేవాళ్లుంటారు.

ప్రకటన, పార్సిల్

ప్రకటనలో మొదటి వాక్యంలోనే లోపం చెప్పండి: కవర్ ఒకసారి తీసి మళ్లీ సోల్డర్ చేశాం, లేదా వైరు ఇంత పొడవు మిగిలింది. తర్వాత మీటర్ అంకె, గది ఉష్ణోగ్రత, అడుగు ఫొటో, సోల్డర్ దగ్గరి ఫొటో. మీటర్ తెరా పికప్పూ ఒకే చిత్రంలో కనబడేలా ఒకటి పెట్టండి. ఫలానా ఏడాది అని మీకు రుజువు లేకపోతే ఆ ఏడాది రాయకండి, కనిపించిన గుర్తులు రాయండి. కొనేవాడు తనే తేల్చుకుంటాడు.

పంపేదాకా పికప్‌ని స్పీకర్ మీద, నియోడిమియం అయస్కాంతం ఉన్న ఫోన్ హోల్డర్ పక్కన పెట్టకండి. పాత ఆల్నికో అయస్కాంతాల బలాన్ని అవి తగ్గించేస్తాయి. రెండు పికప్‌లు ఒకే పెట్టెలో వెళ్తుంటే ముఖాలు ఎదురెదురుగా ఆనించకుండా, మధ్యలో నాలుగు వేళ్ల మందం ఫోమ్ పెట్టండి. కాయిల్ పక్కల మీద టేపు అంటించకండి, తీసేటప్పుడు తీగ పైపొర ఊడొస్తుంది. మెత్తటి గుడ్డ చుట్టి, వైరుని వదులుగా మడిచి, సోల్డర్ అతుకు మీద బరువు పడకుండా పెట్టెలో పెట్టండి. పెట్టె మూసేముందు ఇంకోసారి మీటర్ పెట్టి అంకె చూసి, ఆ ఫొటో కొన్నవాళ్లకి పంపండి.